గుట్టగా పోసినదే కొనుక్కో, బిడ్డా

వనస్థలిపురం,
ఏప్రిల్ 12.

చి॥ రమ్యకు పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నకిరేకల్‌లో మీ అమ్మా నాన్నా బాగున్నారని మొన్న ఫోన్లో తెలిసింది. నువ్వు వాట్సాప్‌లో రెండు ప్రశ్నలు పెట్టావు. మధ్యాహ్నం క్లాసులో కళ్లు తిరుగుతున్నాయి, ఏ విటమిన్ బిళ్లలు కొనమంటావు అన్నది ఒకటి. ఎండాకాలానికి అన్నిటికంటే మంచి పండు ఏది అన్నది రెండోది. ఫోన్లో చెబితే ఊ కొట్టి మరిచిపోతావు. చదవడం ఇప్పుడు నీకు దినచర్య కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. గ్రూప్స్ పుస్తకాల మధ్య పెట్టుకో.

మొదటిదానికి జవాబు చిన్నది. బిళ్లలు కొనేముందు రక్తపరీక్ష చేయించుకో. హిమోగ్లోబిన్ ఎంత ఉందో తెలియకుండా రంగుల సీసా కొంటే డబ్బు దండగ. ఇక్కడి ఏరియా ఆసుపత్రికి వస్తానంటే నేనూ వెంట వస్తాను. మన రాష్ట్రంలో ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా తిరిగినన్నాళ్లూ ఆ పాలిపోయిన మొహాలు నేనూ చూశాను. నీకూ ఉందని తేలితే డాక్టరు రాసిన ఐరన్ బిళ్ల మింగాల్సిందే. తిండి దానికి తోడుగా నిలుస్తుంది తప్ప దాని బదులు పనిచేయదు.

రెండోదానికి జవాబు పెద్దది. అన్నిటికంటే మంచి పండు అంటూ ఏదీ లేదు. నువ్వు వెళ్లిన రోజున రైతు బజారులో ఏది గుట్టగా పోసి చవకగా అమ్ముతున్నారో ఆ వారానికి అదే మంచిది. వారం మారితే గుట్ట మారుతుంది, నీ పళ్లెం కూడా మారాలి. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. మిగిలిన ఉత్తరమంతా అది ఎందుకో, ఎలాగో చెప్పడానికే.

ముందు ఒంటి సంగతి చూద్దాం. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. బయటి వేడి ఒంటి వేడిని మించిపోతే శరీరం చల్లబడడానికి చెమట తప్ప వేరే దారి ఉండదు. ఎండలో కష్టం చేసేవాళ్లకు గంటకు లీటరు దాకా చెమట పోవచ్చు. నీళ్లతోపాటు ఉప్పు పోతుంది, కొంచెం పొటాషియం కూడా పోతుంది. నువ్వు ఎండలో కూలికి పోవడం లేదు నిజమే. కానీ పై అంతస్తు హాస్టల్ గది, కిక్కిరిసిన క్లాసు, మధ్యాహ్నం దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద నడక, ఇవి కూడా తక్కువేం కాదు. పైగా వేడికి ఆకలి చచ్చిపోతుంది. పగలు అన్నం సగం వదిలేసి, సాయంత్రం కూల్‌డ్రింకు తాగి, రాత్రికి బిర్యానీ తెప్పించుకుంటున్నావని నీ స్నేహితురాలే చెప్పింది, కోప్పడకు. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే ఏడు చెంచాలు. అందులో నీళ్లు తప్ప ఒంటికి పనికొచ్చేది మరేమీ లేదు.

ఈ కాలంలో మన నేల మీద కాసేవి చూడు. కీర దోసకాయలో నూటికి 95 వంతులు నీళ్లే. పుచ్చకాయలో 92, కర్బూజలో 90 వంతులు ఉంటాయి. సొరకాయ, బీరకాయ, పొట్లకాయ కూడా ఇదే కోవలోవి. ప్రకృతి మన దాహం చూసి వీటిని పంపిందని నేననను. ఆ తీగలు వేడికి తట్టుకుని పెరుగుతాయి, తమ గింజల కోసం కాయలో నీళ్లు నింపుకుంటాయి, మనం వాటి వల్ల లాభపడుతున్నాం. కాలీఫ్లవర్, క్యారెట్, పచ్చి బఠాణీ చలికాలపు పంటలు. మేలో అవి కనిపించినా దూరం నుంచో, కోల్డ్ స్టోరేజీ నుంచో వచ్చినవే ఎక్కువ. ఆపిల్ సంగతీ అంతే. కశ్మీర్‌లో, హిమాచల్‌లో వాటిని కోసేది ఆగస్టు నుంచి అక్టోబరు దాకా. ఇప్పుడు బండి మీద మెరుస్తున్నది నెలల తరబడి గోదాములో ఉన్నదైనా అయి ఉండాలి, లేదా ఓడ ఎక్కి వచ్చినదైనా అయి ఉండాలి. ఆపిల్ చెడ్డదని కాదు, ఆ ఒక్క ఆపిల్ డబ్బుతో నీకు ఒక పూటకు సరిపడా కర్బూజ వస్తుంది.

మీ హాస్టల్ ఉన్న చోటు ఒకప్పుడు పండ్ల రాజ్యం. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 1986 నుంచి అక్కడే నడిచింది. మే నెలలో కొల్లాపూర్, జగిత్యాల, ఖమ్మం, కృష్ణా జిల్లాల నుంచి మామిడి లారీలు వస్తే కొత్తపేట దాకా ట్రాఫిక్ ఆగిపోయేది. తరవాత మార్కెట్‌ను బాటసింగారానికి తరలించారు. ఆ జాగాలో వెయ్యి పడకల ఆసుపత్రి కట్టడానికి 2022లో శంకుస్థాపన జరిగింది. పండ్లు పోయిన చోటికి ఆసుపత్రి వచ్చిందని మా కాలనీ పెద్దమనుషులు నవ్వుకుంటుంటారు. టోకు మార్కెట్ దూరమైనా నీకొచ్చిన ఇబ్బందేమీ లేదు. సరూర్‌నగర్ రైతు బజార్ దగ్గరలోనే ఉంది, మెట్రోలో విక్టోరియా మెమోరియల్ స్టేషన్లో దిగితే నడిచి వెళ్లొచ్చు. నా దగ్గరికి వచ్చినప్పుడు వనస్థలిపురం రైతు బజార్ ఉండనే ఉంది. దళారీ లేకుండా రైతే అమ్ముకోవాలని 1999 జనవరి 26న ఈ బజార్లు మొదలుపెట్టారు. లోపలికి పోగానే ధరల బోర్డు కనిపిస్తుంది. ముందు అది చదువు, తరవాత ఒక చుట్టు తిరుగు, ఆ తరవాతే సంచీ విప్పు. తోటకూర, పాలకూర, గంగవాయిలి కూర అమ్మే ఆడవాళ్లను ఎప్పుడు కోశారని అడుగు. ఆకుకూర కోసిన గంట నుంచే వాడడం మొదలవుతుంది, ఈ వేడిలో దాని విటమిన్ సి ఇంకా తొందరగా పోతుంది. పొద్దున కోసిన కట్ట ముందు ఫ్రిజ్‌లో నాలుగు రోజులు పెట్టింది దిగదుడుపే.

అందరూ ఎండాకాలం అనగానే పండ్ల గురించే అడుగుతారు. లెక్క మాత్రం కూరగాయల వైపే ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధనగా మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. ఆ సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల ప్రకారం 2000 కేలరీల తిండి తినేవాళ్లు రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినాలి. పండ్లకు నాలుగింతలు కూరగాయలు. నీ రోజు గుర్తు చేసుకో. హాస్టల్ సాంబారులో తేలే రెండు ములక్కాడ ముక్కలను కలిపినా వంద గ్రాములు అవుతాయా?

ఇక నీ రక్తం సంగతి. నీ వయసు ఆడపిల్లకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని మన దేశపు లెక్క. మగవాళ్లకు 19 చాలు. ఆకుకూరల్లో, పప్పుల్లో ఇనుము ఉంది గానీ మాంసంలో ఉన్నంత సులువుగా అది ఒంటికి పట్టదు. పక్కన పులుపు, అంటే విటమిన్ సి ఉంటే ఇంకా బాగా పడుతుంది. మీ అమ్మమ్మ ఈ నెలలో ఏం వండేదో గుర్తుందా? గంగవాయిలి కూరలో పచ్చి మామిడికాయ వేసి పప్పు. తోటకూర పప్పులోనూ మామిడికాయ ముక్కే. ఆమె ఏ పుస్తకమూ చదవలేదు, చింతపండు పొదుపు చేసుకుందామని వేసి ఉంటుంది. కారణం ఏదైనా ఆ గిన్నెలో ఇనుము, దాన్ని ఒంటికి పట్టించే విటమిన్ సి, పప్పులోని మాంసకృత్తులు ఒక్కచోట చేరాయి. పైన వేసే తాలింపు నూనె కూడా అలంకారం కాదు. ఆకులోని బీటా కెరోటిన్ ఒంటికి అందాలంటే కొంచెం కొవ్వు తోడు ఉండాలి, అది అందితే ఒళ్లు దాన్ని విటమిన్ ఎగా మార్చుకుంటుంది. పచ్చి మామిడికాయలో విటమిన్ సి పండులో కంటే ఎక్కువ. వండితే కొంత పోతుంది కాబట్టి రెండు ముక్కలు పచ్చివిగానే ఉప్పు అద్దుకుని తిను.

గంగవాయిలి గురించి ఇంకో మాట. పొలం గట్ల మీద తనంతట తానే మొలిచే ఈ కూరలో ఒమేగా-3 రకపు కొవ్వు ఆమ్లం మిగతా ఆకుకూరల్లో కంటే ఎక్కువ. ఆక్సలేట్లు కూడా ఎక్కువే. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు దీన్నీ, పాలకూరనూ రోజూ తినకూడదు. నీకు ఆ ఇబ్బంది లేదు కాబట్టి వారానికి రెండుసార్లు తినొచ్చు. ఈ నెలలోనే చింతచిగురు కూడా వస్తుంది, కొద్ది వారాలే ఉంటుంది, కనిపిస్తే వదలకు. ఆకుకూరల్లో ఫోలేట్ అనే బి విటమిన్ ఉంటుంది. కొత్త రక్తకణాలు తయారు కావడానికి అది కావాలి. దాన్నే ఫోలిక్ ఆమ్లంగా ప్రయోగశాలలో తయారు చేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో 1945లో ఆ పని జరిగింది. నీ పరీక్షలో సైన్స్ అండ్ టెక్నాలజీ కింద అడిగినా అడుగుతారు, రాసి పెట్టుకో.

పులుపుకు టమాటనే నమ్ముకోవద్దు. ఎండ బాగా ముదిరితే టమాట పూత నిలవదు, ఆ దెబ్బ తరవాత ధరల్లో కనిపిస్తుంది. 2023 జూలైలో కిలో వంద దాటి పోయింది గుర్తుందా? ఎండాకాలంలో నిమ్మకాయ కూడా అంతే. మన నకిరేకల్‌లోనే నిమ్మ మార్కెట్ ఉన్నా, ఏప్రిల్‌లో కాయ ధర చూస్తే నీకూ చెయ్యి రాదు. అలాంటప్పుడు గుట్టగా పోసి ఉన్న మామిడికాయే మన పులుపు. కాల్చిన మామిడికాయతో పచ్చిపులుసు చేస్తే ఆకలి లేనివాళ్లు కూడా ఇంకో ముద్ద తింటారు. ఎండాకాలంలో పులుపు చేసే పెద్ద మేలు అదేనని నా నమ్మకం. సొరకాయ, బీరకాయ కూరలు చప్పగా ఉన్నాయని పిల్లలు పక్కకు నెడతారు. బీరపొట్టు తొక్కులో, దోసకాయ తొక్కులో కాస్త పులుపూ పచ్చిమిర్చీ పడితే గిన్నె ఖాళీ.

పండ్లకు వస్తాను. ఇప్పుడు కర్బూజ, పుచ్చకాయ కాలం. కర్బూజలో పొటాషియం, బీటా కెరోటిన్ ఉన్నాయి. పుచ్చకాయ ఎరుపుకు కారణం లైకోపీన్, టమాటలో ఉండేది కూడా అదే. పుచ్చకాయ తియ్యగా ఉన్నా వంద గ్రాములకు చక్కెర ఆరు గ్రాములే. రాత్రి చదువుకునేటప్పుడు చిప్స్ బదులు ఒక గిన్నెడు ముక్కలు తిను. నల్గొండ బత్తాయి దొరికితే తొనలు ఒలుచుకుని తిను, రసం తీయించకు. రసం తీస్తే పీచు పిప్పిలో పోతుంది. పైగా రెండు కాయలు తినేసరికి కడుపు చాలంటుంది, నాలుగు కాయల రసం మాత్రం గటగటా దిగిపోతుంది. రసంతోపాటు వాళ్లు వేసే చక్కెర, ఎక్కడి నీళ్లతో చేశారో తెలియని ఐసు ఉచితం.

తాటి ముంజలు ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ దాకా హైవే పక్కన పోసి అమ్ముతారు. చౌటుప్పల్ దిక్కు నుంచి, మన నల్గొండ నుంచి గౌడన్నలు తెస్తారు. అప్పటికప్పుడు కాయ చెక్కించుకుని తీసుకో. లేతవి కొను, వేలితో నొక్కితే లోపల నీళ్లు కదలాలి. ముదురు ముంజ అరగదు, కడుపునొప్పి తెస్తుంది. పైన ఉండే పలుచని పొట్టు తీసిపారేయాల్సిన పని లేదు. ముంజలో ఉన్నది ఎక్కువగా నీళ్లే, చక్కెర కొంచెమే. కళ్లజబ్బు పోతుందనీ, ఇంకేదో నయమవుతుందనీ బండి దగ్గర చెప్పే మాటలు నమ్మకు. దాహం తీర్చి ఒంటికి బరువు లేకుండా ఉండడమే దాని గొప్ప, అది చాలదా?

మామిడిపండుకు తొందరపడకు. నగరంలో బేనిషాన్ అని పిలిచే బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, అంత పేరున్న పండు. అందుకే మార్చి నుంచే పచ్చికాయను కోసి కార్బైడ్‌తో రంగు తెప్పించేవాళ్లు ఉన్నారు. కాల్షియం కార్బైడ్ తేమ తగిలితే ఎసిటలీన్ వాయువును వదులుతుంది, అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు ఉండే ప్రమాదం ఉంది. ఆహార భద్రత నిబంధనల కింద దాన్ని నిషేధించారు. ఎథిలీన్ వాయువుతో పద్ధతి ప్రకారం మాగబెట్టడానికి అనుమతి ఉంది, ఎందుకంటే పండు మాగేటప్పుడు తనంతట తాను వదిలేది కూడా ఎథిలీనే. కాబట్టి మేలో గుట్టలు పెరిగేదాకా ఆగు. ఒళ్లంతా ఒకే పసుపుతో మెరుస్తూ తొడిమ దగ్గర వాసన లేని పండు తీసుకోకు. ఇంకా మంచి పని, ముదిరిన కాయలే కొని మాగేసుకో. ఊళ్లో అయితే వరిగడ్డి ఉండేది, హాస్టల్‌లో పాత పేపర్లలో చుట్టి అట్టపెట్టెలో పెట్టు, మధ్యలో ఒక మాగిన అరటిపండు ఉంచు. మూడు నాలుగు రోజుల్లో గదంతా వాసన వస్తుంది.

మామిడిపండు వేడి చేస్తుందని, సెగగడ్డలు లేస్తాయని మీ నాయనమ్మ అంటుంది కదా. పండు తింటే ఒంటి వేడి పెరగదు. కానీ తొడిమ దగ్గర కారే సొన పెదవులకూ చర్మానికీ తగిలితే కొందరికి మంట, పొక్కులు వస్తాయి. ఎండాకాలంలో చెమటకు, మురికికి చర్మం మీద సూక్ష్మక్రిములు చేరి గడ్డలు రావడం మామూలే, ఆ నింద మామిడి మీద పడుతుంది. మాగిన పండ్లను కాసేపు నీళ్లలో నానేసి కడిగి తినమని చెప్పే పాత అలవాటు మాత్రం మంచిదే. సొన, దుమ్ము రెండూ పోతాయి. చలువ, వేడి అని పెద్దలు చెప్పే మాటలన్నిటినీ కొట్టిపారేయకు, కానీ వాటి వెనుక ఏం జరుగుతోందో అడిగి తెలుసుకో. ఉల్లిగడ్డ జేబులో పెట్టుకుంటే వడదెబ్బ తగలదంటారు. దాన్ని జొన్న గటకలోనో, మజ్జిగ అన్నంలోనో కొరుక్కుని తింటే లాభం, జేబులో ఉంటే జేబుకు వాసన.

జూన్‌లో మృగశిర వచ్చేసరికి నేరేడు పండ్లు గుట్టలు పడతాయి. అప్పటికి ఈత పండ్లు కూడా ఉంటాయి. పల్లెలకు పోతే తునికి పండ్లు, పాలపండ్లు దొరుకుతాయి. దొరికినప్పుడు గుప్పెడు తిను, నీ పిల్లలకు వాటి పేర్లు చెప్పగలిగేలా ఉండాలి.

శుభ్రం గురించి చెప్పకపోతే సూపర్‌వైజర్‌నే కాదు. రోడ్డు మీద కోసి పెట్టిన పుచ్చకాయ ముక్కలు వద్దు. ఈగలు, దుమ్ము, మురికి నీళ్ల ఐసు కలిస్తే టైఫాయిడ్, కామెర్లు వచ్చే దారి అదే. కాయ కొని గదికి తెచ్చుకో, నలుగురు కలిసి పంచుకోండి. తొక్క తినం కదా అని కడగకుండా కోయకు. కత్తి తొక్క మీది మురికిని లోపలి కండలోకి తీసుకుపోతుంది. 2011లో అమెరికాలో ఒక తోట నుంచి వచ్చిన కర్బూజల వల్ల లిస్టీరియా అనే సూక్ష్మక్రిమి పాకి 33 మంది చనిపోయారు. అంత పెద్ద దేశంలోనే అలా జరిగితే మనం ఒక చెంబెడు నీళ్లకు బద్ధకించకూడదు. కోసిన ముక్కలను ఈ వేడిలో రెండు గంటలకు మించి బయట ఉంచకు.

ఇప్పుడు అసలైన హెచ్చరిక. పండ్లు నీళ్లను ఇస్తాయి, పొటాషియం ఇస్తాయి. చెమటలో ఎక్కువగా పోయే ఉప్పును అవి ఇవ్వవు. బాగా చెమట పట్టిన రోజు ఉప్పేసిన మజ్జిగ తాగు, జావలో ఉప్పు వేసుకో, కీర ముక్కలకు చిటికెడు ఉప్పు చల్లుకో. విరేచనాలు, వాంతులు అయితే ఓఆర్ఎస్ ప్యాకెట్టే కలుపుకోవాలి. అది దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. కొలత తప్పకూడదు, చెంచాలు తలకొట్టి పోయాలి. ఎవరికైనా ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే, స్పృహ తప్పుతుంటే పుచ్చకాయ పెట్టే సమయం కాదది. నీడకు చేర్చి, బట్టలు తడిపి, విసురుతూ 108కు ఫోన్ చెయ్యి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకు. 2015 మేలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడగాడ్పులకు వెయ్యి మందికి పైగా పోయారు. వాళ్లలో చాలామంది ఎండలో పని మానుకోలేని పేదవాళ్లు, ముసలివాళ్లు. మంచి తిండి ఒంటిని నిలబెడుతుంది గానీ, నడినెత్తి ఎండలో నిలబెట్టదు. పన్నెండు నుంచి నాలుగు దాకా బయట తిరగకు.

ఊరికి పోయినప్పుడు ఇంట్లోవాళ్లకు కూడా చెప్పు. మీ నాన్నకు షుగర్ ఉంది. మామిడి వంద గ్రాములలో పదిహేను గ్రాముల దాకా పిండిపదార్థం ఉంటుంది. చిన్న పండులో సగం తినొచ్చు, ఆ పూట అన్నం అంత తగ్గించుకోవాలి, భోజనం మీద అదనంగా తినకూడదు. తిన్న రెండు గంటలకు ఒకసారి రక్తం చూసుకుంటే తన ఒంటికి ఎంత పడుతుందో ఆయనకే అర్థమవుతుంది. మీ నాయనమ్మ కిడ్నీ మందులు వాడుతోంది. ఆమెకు కొబ్బరినీళ్లు, బత్తాయి, కర్బూజ అందరిలాగా ఇవ్వకండి. కిడ్నీలు సరిగా పనిచేయనివాళ్లకు పొటాషియం రక్తంలో నిలిచిపోతే గుండెకే ముప్పు. డాక్టరును అడిగి ఎంత అంటే అంతే. బీపీ ఉన్న మీ అమ్మకు మజ్జిగలో ఉప్పు తక్కువ, మామిడికాయ తొక్కు నంజుకునేంతే. ఒకరికి మందైనది ఇంకొకరికి కీడు కావచ్చని మరిచిపోవద్దు.

వండుకునే వీలు లేదంటావు. సరే. ఒక చాకు, చిన్న పలక, ఉప్పు పొట్లం, రోజుకొక పెరుగు ప్యాకెట్, రెండు గిన్నెలు నీ గదిలో ఉంటే చాలు. పొద్దున టిఫిన్‌తో ఒక కీర. మధ్యాహ్నం హాస్టల్ అన్నంలో మజ్జిగ పోసుకుని ఉల్లిగడ్డ, పచ్చి మామిడి ముక్క. సాయంత్రం ఆ వారం గుట్టగా ఉన్న పండు ఒక గిన్నెడు. మీ హాస్టల్ ఆమెతో అమ్మాయిలందరూ కలిసి మాట్లాడండి. వారంలో మూడు రోజులు ఆలుగడ్డ కూర బదులు ఆకుకూర పప్పు వండమనండి. ఈ కాలంలో తోటకూర ఆలుగడ్డ కంటే ఆమెకు భారమేం కాదు, రైతు బజార్ ధర చీటీ చేతికిస్తే ఆమె ఒప్పుకుంటుంది. నలుగురు అడిగితే మెనూ మారుతుంది, ఒక్కతివే అడిగితే సణుగుడు అంటారు.

ఒక పని అప్పగిస్తున్నాను. ప్రతి ఆదివారం సరూర్‌నగర్ బజారులో ఏ మూడు పెద్ద గుట్టలుగా కనిపించాయో, కిలో ఎంతో, అందులో నువ్వు ఏం కొన్నావో నాకు రాసి పంపు. నెల తిరిగేసరికి ఏ పండు ఎప్పుడొస్తుందో నా కంటే నువ్వే బాగా చెబుతావు. రక్తపరీక్ష కాగితం ఫోటో కూడా పంపు. మరిచిపోతే నేనే మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగుతాను, అప్పుడు నీ స్నేహితురాళ్ల ముందు తిట్టానని ఏడవకు.

బాగా చదువుకో. వేళకు తిను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ